మంచి పరిశోధన అని ఎవరు తేలుస్తారు? చరిత్ర, సాహిత్యాల్లో నాణ్యత లెక్క

క్లుప్తంగా: నమ్మదగ్గ జర్నల్స్ పేర్లతో నడిపిన కేర్ జాబితాను విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2025 ఫిబ్రవరిలో ఎత్తేయడంతో ఏ జర్నల్ మంచిదో తేల్చుకునే పని విశ్వవిద్యాలయాల మీద పడింది. చరిత్ర, సాహిత్యం, భాషాశాస్త్రం లాంటి మానవీయ శాస్త్రాల్లో నాణ్యతను వ్యాసం ఎక్కడ అచ్చయిందన్న దాన్ని బట్టి కాకుండా, ఆధారాన్ని ఎలా వాడుకున్నారన్న దాన్ని బట్టి చూస్తారు. అలా చూడాలంటే చదివి చెప్పగలిగే మనుషులు కావాలి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అసలు చిక్కు అక్కడే ఉంది.

నెల్లూరుకు ఆ పేరెలా వచ్చిందని ఊళ్లో ఎవరినడిగినా రెండు కథల్లో ఒకటి చెబుతారు. నెల్లి అంటే ఉసిరి, ఉసిరి చెట్టు కింద శివలింగం వెలిసింది, మూలస్థానేశ్వరుడి గుడి అదే, అందుకే నెల్లూరు అనేది ఒకటి. నెల్లు అంటే వడ్లు, వరి పండే ఊరు కాబట్టి నెల్లూరు అనేది రెండోది. మొలగొలుకుల బియ్యం తిని పెరిగినవాళ్లు సహజంగానే రెండోదాని వైపు మొగ్గుతారు. వీటిలో ఏదో ఒకటి ఎత్తుకుని నాలుగు పేజీలు రాస్తే వ్యాసం అవుతుంది. పరిశోధన అవుతుందా?

పరిశోధకుడు వేసుకోవాల్సిన ప్రశ్నలు వేరు. శాసనాల్లో ఈ పేరు మొట్టమొదట ఏ రూపంలో కనబడుతోంది? నెల్లి, నెల్లు ఏది తీసుకున్నా 'ఊరు' చేరితే 'నెల్లూరు' అవుతుంది కాబట్టి వ్యాకరణం ఒక్కటే తీర్పు చెప్పలేదు. మరి ఇంకేది చెబుతుంది? ఉసిరి చెట్టు కథ రాతలోకి ఎప్పుడు ఎక్కింది? పేరుకు మూలం ఆ కథేనా, లేక పేరును చూసి తర్వాత కథ అల్లారా? తిరునెల్వేలిలోని 'నెల్'కు వడ్లనే అర్థం చెబుతారు, ఇక్కడ ఆ పోలిక పనికొస్తుందా? విక్రమసింహపురి అనే సంస్కృత పేరు ఉండగా ఈ దేశిపేరు ఎలా నిలబడింది?

ఇవన్నీ వేసుకుని, దొరికినంత ఆధారం చూపించి, చివరికి 'ఉన్న ఆధారాలతో తేల్చలేం' అని రాసినా అది మంచి పరిశోధనే. ఒక్క ప్రశ్నా వేసుకోకుండా 'ఉసిరే' అని తేల్చేస్తే, అదృష్టం బాగుండి ఆ మాట నిజమే అయినా అది పరిశోధన కాదు. బయటివాళ్లకు ఇది తలకిందులుగా కనిపించవచ్చు. మానవీయ శాస్త్రాల్లో నాణ్యత మీద వచ్చే గందరగోళంలో సగం ఇక్కడే మొదలవుతుంది.

జాబితా పోయింది, ప్రశ్న మిగిలింది

ఈ విషయం ఇప్పుడు చర్చకు రావడానికి కారణం ఉంది. పదోన్నతులకు, ఉద్యోగాలకు పరిశోధన పత్రాలు లెక్కలోకి వచ్చాక డబ్బు కట్టించుకుని వారంలో అచ్చేసే జర్నల్స్ పుట్టగొడుగుల్లా లేచాయి. ఐఎస్ఎస్ఎన్ నంబరు ఉంది కదా అని చాలామంది వాటిని నమ్మారు. నిజానికి ఐఎస్ఎస్ఎన్ అనేది పత్రికను గుర్తుపట్టడానికి ఇచ్చే నంబరు మాత్రమే, బండికి నంబరు ప్లేటు లాంటిది. ఇంజిన్ ఎలా ఉందో అది చెప్పదు.

యూజీసీ 2018 మేలో తన ఆమోదిత జాబితాలోంచి 4,305 జర్నల్స్‌ను ఒక్కసారిగా తీసేసింది. అదే ఏడాది చివర్లో కేర్ జాబితాకు శ్రీకారం చుట్టింది. 2022 నాటి పీహెచ్‌డీ నిబంధనల్లో థీసిస్ ఇచ్చే ముందు పేపర్ అచ్చు కావాలన్న షరతును ఎత్తేసింది. 2025 ఫిబ్రవరికి కేర్ జాబితా కూడా వద్దనుకుంది. దాని బదులు జర్నల్‌ను ఎంచుకునేటప్పుడు చూసుకోవాల్సిన అంశాలను సూచించి, మిగతాది మీరే తేల్చుకోండని సంస్థలకు వదిలేసింది.

జాబితా ఉన్నంతకాలం ఎంపిక కమిటీ పని సులువు. పేరు ఉందా, లేదా? ఇప్పుడు వ్యాసం తెరవాలి. 2008లో మొదలైన నెల్లూరు విక్రమ సింహపురి విశ్వవిద్యాలయానికైనా, ఇంకా కొత్తదైన ఒంగోలు ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయానికైనా ఇది చిన్న మార్పు కాదు.

రెండేళ్ల కొలత, తొంభై ఏళ్ల చర్చ

సైన్సులో జర్నల్ స్థాయికి ఎక్కువమంది వాడే కొలత ఇంపాక్ట్ ఫ్యాక్టర్. గత రెండేళ్లలో ఒక జర్నల్ వేసిన వ్యాసాలను ఈ ఏడాది ఎన్నిసార్లు ఉదహరించారో లెక్కపెట్టి, ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తారు. వేగంగా కదిలే రంగాలకు రెండేళ్లు సరిపోతాయి. శాసనాలు, తాళపత్రాల మీద పనిచేసేవాళ్లకు రెండేళ్లంటే ఇంకా పుస్తకం లైబ్రరీకి చేరే దశ. మానవీయ శాస్త్రాల జర్నల్స్‌కు 2023 దాకా అసలు ఈ కొలతే ఇవ్వలేదు.

విజయనగర స్థాపకులు ఎవరన్న వాదం చూస్తే కాలం సంగతి అర్థమవుతుంది. హెన్రీ హెరాస్ 1929లో వాళ్ల మూలాలను కన్నడ దేశం వైపు చూపారు. నేలటూరి వెంకటరమణయ్య 1933లో తెలుగు మూలాల వైపు వాదించారు. 1985లో జర్మన్ చరిత్రకారుడు హెర్మన్ కుల్కే, విద్యారణ్యుడనే సన్యాసి చేతుల మీదుగా విజయనగరం వెలిసిందన్న కథను మళ్లీ తిరగదోడినప్పుడు కూడా పాత వాదాలన్నింటికీ జవాబు చెప్పుకుంటూ రావాల్సి వచ్చింది. తొంభై ఏళ్లు దాటినా ఆ పుస్తకాలను పక్కన పెట్టి ఈ విషయం రాయడం కుదరదు. రెండేళ్ల కిటికీలోంచి చూస్తే ఈ బతుకు కనిపించదు.

రెండో ఇబ్బంది భాషది. ర్యాంకింగ్‌లకు వాడే స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ లాంటి డేటాబేసుల్లో తెలుగు పత్రికలకు చోటు లేనట్టే. 1924 నుంచి 1991 దాకా నడిచిన 'భారతి' మాసపత్రికలో తెలుగు భాషాసాహిత్యాల మీద, చరిత్ర మీద ఎంత విలువైన పని వచ్చిందో ఆ రంగాల్లో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. నేటి లెక్కల్లో దానికి సున్నా. ఈ అన్యాయం తెలుగుకే కాదు. పరిశోధన కొలతల మీద 2015లో వచ్చిన లైడెన్ మేనిఫెస్టో స్థానిక అవసరాల మీద, స్థానిక భాషల్లో జరిగే పరిశోధనను కాపాడాలని ప్రత్యేకంగా చెప్పింది. 2019 నాటి హెల్సింకి ప్రకటన పూర్తిగా ఈ బహుభాషా విషయం మీదే.

చదివేవాళ్లు దేన్ని చూస్తారు

సంఖ్యలు కాదంటే మరేమిటి? పండితులు మనసులో పెట్టుకుని తీర్పు చెప్పే ప్రమాణాలను బయటికి లాగాలని కొందరు ప్రయత్నించారు. అమెరికా సామాజికశాస్త్రవేత్త మిషెల్ లామాంట్ ఫెలోషిప్‌లు ఇచ్చే కమిటీల్లో కూర్చున్న ప్రొఫెసర్లతో మాట్లాడి 2009లో పుస్తకం వేశారు. మంచి పని అంటే ఏమిటో చరిత్రకారులు కొంచెం తేలిగ్గా ఒప్పందానికి వస్తారని, ఇంగ్లిష్ సాహిత్యం వాళ్లకు ఉమ్మడి ప్రమాణం ఉందన్న నమ్మకమే సడలిందని, తమ పనిని వేరే రంగంవాళ్లు అంచనా కట్టలేరని తత్వశాస్త్రం వాళ్లు అనుకుంటారని ఆమె గమనించారు. కొత్తదనం అనే మాటను అందరూ వాడతారు కానీ ఒకే అర్థంలో కాదు. మానవీయ శాస్త్రాల్లో కొత్తదనమంటే చాలాసార్లు కొత్త డేటా కాదు, తెలిసినదాన్నే కొత్త వైపు నుంచి చూడగలగడం.

స్విట్జర్లాండ్‌లో ఓక్స్‌నర్, హుగ్, డేనియల్ అనే ముగ్గురు ఇంకో దారిలో వెళ్లారు. జర్మన్ సాహిత్యం, ఇంగ్లిష్ సాహిత్యం, కళాచరిత్ర రంగాల పండితులను అడిగి 19 ప్రమాణాలను, వాటి కింద 70 అంశాలను జాబితా చేశారు. పండితులు ముఖ్యమని చెప్పినవాటిలో దాదాపు సగానికే సంఖ్యల్లో కొలత దొరికింది.

ఈ ప్రమాణాలు గాల్లో మాటల్లా ఉంటాయి కాబట్టి ఒక రాయి దగ్గరికి వెళ్దాం. క్రీ.శ. 848 ప్రాంతంలో వేయించిన, చాళుక్య సేనాని పండరంగని అద్దంకి శాసనం తరువోజ ఛందస్సులో ఉంది. దాని చివరి పాదం ఇది:

కట్టెపు దుర్గంబు గడు బయల్సేసి కందుకూర్బెజవాడ గావించె మెచ్చి

ఒక విద్యార్థి తన థీసిస్‌లో దీన్ని ఎత్తిచూపి 'పండరంగడు కందుకూరును రాజధాని చేశాడు' అని రాశాడనుకుందాం. పరీక్షకుడు మొదట ఆ వాక్యాన్ని చూడడు, కింద ఉన్న ఫుట్‌నోట్ చూస్తాడు. ఈ పాఠం ఎక్కడిది? రాయి మీద తడి కాగితం పరిచి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్ది తీసిన నకలు చూశాడా, లేక ఏదో గైడ్ పుస్తకంలోంచి దించాడా? 'బెజవాడ గావించె' అంటే బెజవాడలా చేశాడనా, బెజవాడ అంతటి బలమైన చోటుగా మలిచాడనా? 'రాజధాని' అన్న మాట శాసనంలో లేదు కదా, అది ఎక్కడినుంచి వచ్చింది? అంతకుముందు ఈ పాదానికి అర్థం చెప్పినవాళ్లతో ఎందుకు విభేదిస్తున్నాడు, లేక వాళ్లు ఉన్నారనే తెలియదా?

ఇంకొంచెం లోతుకు వెళ్లే పరీక్షకుడైతే ప్రాస సంగతి అడుగుతాడు. ఈ పద్యంలో నాలుగు పాదాలూ పట్టంబు, పట్టంబు, కొట్టము, కట్టెపు అని మొదలవుతాయి. రెండో అక్షరం అంతటా 'ట్ట'. అంటే రాయి అక్కడ ఎంత అరిగినా ఆ అక్షరాన్ని ఛందస్సే కాపాడుతుంది. కట్టెపు దుర్గం ఏ ఊరో గుర్తించాలనుకునేవాళ్లు పేరులో ఆ 'ట్ట'ను వదులుకోలేరు. తనకు నచ్చిన ఊరి పేరుకు సరిపోయేలా అక్షరం మార్చి చదివితే మొత్తం పద్యం అడ్డం తిరుగుతుంది. విద్యార్థికి ఈ విషయం తెలుసో లేదో ఒక్క పేజీలో బయటపడుతుంది. నాణ్యత అంటే పండితులు చెప్పేది ఇదే. ఏ సాఫ్ట్‌వేరూ దీనికి మార్కులు వేయలేదు.

జానపద పరిశోధనలోనూ తీరు ఇదే, ఆధారమే వేరు. నెల్లూరు జిల్లాలో యానాదుల పాటలు సేకరించామని చెబితే సరిపోదు. ఎవరు పాడారు, ఎక్కడ, ఏ సందర్భంలో, వాళ్ల అనుమతి తీసుకున్నారా, పలుకును ఉన్నదున్నట్టు రాశారా లేక పుస్తకాల తెలుగులోకి 'సరిదిద్దారా' అని చూస్తారు. చివరి తప్పు మర్యాదస్తులు చేసేది, అందుకే త్వరగా పట్టుబడదు.

విభేదించడం వేరు, నాసిరకం వేరు

బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి కలిసి 1905లో మూడు సంపుటాలుగా వేసిన నెల్లూరు జిల్లా శాసనాల్లో విజయనగర తొలి రాజు హరిహరుడి పేరుతో ఉన్న రాగిరేకులు కూడా ఉన్నాయి. విద్యారణ్యుడి చేతుల మీదుగా విజయనగరం వెలిసిందన్న కథకు వాటిని సాక్ష్యంగా చూపేవారు. అవి ఆ కాలానివి కావని, తర్వాత పుట్టించినవని హెరాస్ వాదించారు. రేకుల మీద తేదీ ఉన్నంత మాత్రాన అది నిజం తేదీ కానక్కర్లేదు. లిపి, భాష, వాడిన బిరుదులు, అదే రాజు మిగతా శాసనాలు అన్నీ పక్కపక్కన పెట్టి పోల్చి చూడాలి.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. హెరాస్, వెంకటరమణయ్యల నిర్ణయాలు పరస్పరం పొసగవు. ఇద్దరూ పూర్తిగా ఒప్పు కావడం అసాధ్యం. అయినా ఇద్దరి పనినీ మంచి పరిశోధన అనే అంటారు. కారణం, ఏ ఆధారం మీద ఏ మెట్టు కట్టారో ఇద్దరూ చూపించారు కాబట్టి, మూడో మనిషి వచ్చి ఒక మెట్టు తీసి చూడగలడు. నన్నెచోడుడి విషయంలోనూ ఇదే జరిగింది. మానవల్లి రామకృష్ణకవి 1909లో కుమారసంభవాన్ని వెలుగులోకి తెస్తూ, ఈ కవి నన్నయకంటే ముందువాడన్నారు. ఆ మాటను తర్వాతివాళ్లు చాలామంది ఒప్పుకోలేదు. మానవల్లి చేసిన పని విలువ దానివల్ల తగ్గిపోలేదు. ఆయన వేసిన ప్రతి లేకపోతే కాదనడానికి వీళ్ల చేతిలో ఏమీ ఉండేది కాదు.

పట్టిక ఏం చేస్తుంది

అధ్యాపకుల నియామకాలు, పదోన్నతుల కోసం యూజీసీ 2018లో ఇచ్చిన నిబంధనల్లో పరిశోధన స్కోరు పట్టిక ఉంది. భాషలు, మానవీయ శాస్త్రాల్లో ఒక పరిశోధన పత్రానికి 10 పాయింట్లు. జాతీయ స్థాయి ప్రచురణకర్త వేసిన పుస్తకానికి 10, అంతర్జాతీయ ప్రచురణకర్త అయితే 12. సంకలనంలో ఒక అధ్యాయానికి 5. ఒక పుస్తకం మొత్తం అనువదిస్తే 8.

అంటే ఆరేడు పేజీల పత్రం, ఆరేడేళ్ల పుస్తకం ఈ తక్కెడలో సరిసమానంగా తూగుతాయి. భారతంలో పదిహేను పర్వాలు తెలుగు చేసిన తిక్కన సోమయాజి నేడు ఇంటర్వ్యూకు వస్తే, అదంతా ఒకే పుస్తకంగా వేయించుకుని ఉంటే 8 పాయింట్లు పట్టుకుని వెళ్లాలి. నార్వే పద్ధతిలో మామూలు స్థాయి వ్యాసానికి 1 పాయింటు అయితే పుస్తకానికి 5. బ్రిటన్‌లో 2021 నాటి మదింపులో పెద్ద పుస్తకాన్ని రెండు పనుల కింద లెక్కపెట్టమని అడిగే వీలుంది. పైగా అక్కడ కమిటీలు కొత్తదనం, ప్రాముఖ్యం, పకడ్బందీతనం అనే మూడింటినీ చదివి తేలుస్తాయి. చదవడానికి బోలెడు ఖర్చు అవుతుందన్న విమర్శ దాని మీద ఎప్పుడూ ఉంది.

ఇలాంటి పట్టిక ఉన్నచోట తెలివైన అధ్యాపకుడు చేసే పని ఊహించడం కష్టం కాదు. పుస్తకం కావాల్సినదాన్ని ఐదు పత్రాలుగా కోస్తాడు. తాళపత్ర ప్రతులు పోల్చి పాఠభేదాలు గుర్తించే పరిష్కరణ జోలికి పోడు. పుణెలోని భండార్కర్ సంస్థ సంస్కృత మహాభారత పరిష్కరణకు 1,259 ప్రతులు సేకరించి, 1919లో మొదలుపెట్టి 1966లో ముగించింది. ఏడాదికోసారి స్కోరు చూపించాల్సిన వ్యవస్థలో అది మొదటి సమీక్షలోనే ఆగిపోయేది. 2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన ముసాయిదా ఈ పాయింట్ల ధోరణి నుంచి జరిగి 'చెప్పుకోదగ్గ కృషి' అనే పద్ధతి వైపు వెళ్లాలనుకుంది, భారతీయ భాషలను కూడా అందులో చేర్చింది. అయితే ఏది చెప్పుకోదగ్గదో మళ్లీ ఎవరో చదివి చెప్పాల్సిందే.

థీసిస్ ఇచ్చే ముందు విద్యార్థులకు పట్టుకునే ఇంకో టెన్షన్ సిమిలారిటీ రిపోర్ట్, అంటే రాసినది ఇతర రచనలతో ఎంత శాతం కలుస్తోందో సాఫ్ట్‌వేర్ ఇచ్చే లెక్క. కాపీని అరికట్టడానికి యూజీసీ 2018లో ఇచ్చిన నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు, 10 నుంచి 40 శాతం మధ్య ఉంటే సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషన్ పోతుంది. మూలం చూపి ఉదహరించినవి లెక్కలోకి రావు కాబట్టి పద్యాలు, శాసన పాఠాలు ఎక్కువున్నా భయపడక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ తన దగ్గర ఉన్నవాటితోనే పోల్చగలదు. స్కాన్ కాని పాత తెలుగు పుస్తకంలోంచి పేజీలకు పేజీలు దించినా రిపోర్ట్ శుభ్రంగా వస్తుంది. ఆ పుస్తకం చదివిన మనిషి మాత్రమే పట్టుకోగలడు.

మొహమాటం అనే అడ్డంకి

ఇంతకీ చదివేవాళ్లు ఉన్నారా? పీహెచ్‌డీ థీసిస్‌ను గైడ్‌తో పాటు బయటి విశ్వవిద్యాలయాలకు చెందిన కనీసం ఇద్దరు పరీక్షకులు చూడాలి. కాగితం మీద ఏర్పాటు పక్కాగా ఉంది. పాత తెలుగు శాసనాలను రాయి మీదే చదవగలిగినవాళ్లు కొద్దిమంది. వాళ్లంతా ఒకరికొకరు గురువులో, శిష్యులో, సెమినార్ స్నేహితులో అయి ఉంటారు. పేరు దాచి పంపినా విషయం చూడగానే రాసింది ఎవరో తెలిసిపోతుంది. ఈ రోజు నేను మీ విద్యార్థికి అడ్డు చెబితే, రేపు నా విద్యార్థి థీసిస్ మీ దగ్గరికే వస్తుంది. వైవా రోజున ప్రశ్నలకంటే శాలువాలు ఎక్కువ కనబడటానికి కారణం ఇదే.

తెలుగులో ఇది ఎప్పుడూ ఇలాగే ఉందనుకుంటే పొరపాటు. పాత పత్రికల్లో ఖండన మండనలు నెలల తరబడి నడిచేవి. ఒకరి వ్యాసానికి ఇంకొకరు పేరు పెట్టి జవాబిచ్చేవారు, దానికి మళ్లీ ప్రతిఖండన వచ్చేది. కొన్ని మర్యాద దాటేవి కూడా. అయినా నేటి పీర్ రివ్యూ (సాటి పండితులు చదివి తేల్చే పద్ధతి) చేయాల్సిన పని చాలావరకు ఆ బహిరంగ వాదులాటే చేసింది. ఇప్పుడు వాటి చోట్లో ముందుమాటలు, అభినందనలు వచ్చాయి.

రెండు జిల్లాల్లో ఏం జరగవచ్చు

కేర్ జాబితా పోయిన తర్వాత రెండు దారులు కనబడుతున్నాయి. సంస్థలు తమ సొంత జాబితాలు చేసుకోవచ్చు, అప్పుడు పాత రోగం చిన్న ఊళ్లకు మారుతుందంతే. లేదా అభ్యర్థి తన పనుల్లో మేలైనవి మూడో నాలుగో ఎంచుకుని ఇస్తే వాటిని చదివి నిర్ణయించవచ్చు. పరిశోధనను జర్నల్ పేరును బట్టి కాక దాని సొంత విలువను బట్టి చూడాలని డోరా ప్రకటన 2012 నుంచి చెబుతున్నది ఇదే. ఇది సాధ్యం కావాలంటే రెండు విశ్వవిద్యాలయాలూ ఒకరికొకరు పరీక్షకులను ఇచ్చుకోవడం చాలదు, ఆ వలయం మరీ చిన్నది. కర్ణాటక, తమిళనాడుల్లో ఇవే కాలాల శాసనాల మీద పనిచేసేవాళ్లను కలుపుకోవాలి. మైసూరు నుంచి నెల్లూరుకు వచ్చిన ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం దగ్గరే ఉండటం ఈ ప్రాంతానికి ఉన్న ఒక అనుకూలత.

పని మాత్రం కావాల్సినంత ఉంది. 1905 సంపుటాల్లో శాసనాలను తాలూకాల వారీగా వేశారు. ఒంగోలు, కందుకూరు, కనిగిరి, దర్శి, పొదిలి తాలూకాలు అందులో నెల్లూరు కిందే కనబడతాయి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా (నేటి ప్రకాశం) ఏర్పడినప్పుడు కందుకూరు అటు వెళ్లింది, 2022లో మళ్లీ నెల్లూరులోకి వచ్చింది. ఏ రాయి ఇప్పుడు ఏ మండలంలో ఉంది, గుడి ఆవరణలోనే ఉందా, జీర్ణోద్ధరణలో సున్నం కిందికి పోయిందా అని ఊరూరా తిరిగి చూడాలి. తర్వాత 120 ఏళ్ల కిందటి పాఠాన్ని రాయి పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడాలి. దీనికి ఇద్దరు ముగ్గురు విద్యార్థులు నాలుగేళ్లు పెట్టాలి, మొదటి రెండేళ్లలో అచ్చుకు ఇవ్వదగ్గది ఏమీ రాదు. ఎంపిక కమిటీ ముందున్న పట్టికలో ఆ రెండేళ్ల గడులు ఖాళీగా ఉంటాయి.